కోత పండుగకు పారిజాతం

మా వాకిట్లో పారిజాతం నేనే నాటాను. తెలియక నాటలేదు. ఎవరి మొహమాటానికో నాటలేదు. ప్రార్థన చేసుకుని, నా చేతులతో మట్టి కప్పి నాటాను. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, మా చర్చి సంఘంలో కొందరు ఇప్పటికీ నా తరఫున జాలి పడుతున్నారు. పాపం ఆవిడ ఎవరి మాటో విని మోసపోయిందని అనుకుంటున్నారు. ఆ జాలి నాకక్కర్లేదు.

మా ఇల్లు పాలకొల్లు శివార్లలో, కాలవ గట్టు దిగగానే వచ్చే వీధిలో ఉంది. ఇంటి ముందు పొడుగాటి అరుగు. అరుగుకీ ప్రహరీగోడకీ మధ్య ఒక మడతమంచం పట్టేంత జాగా. ఇదివరకు అక్కడ కొబ్బరిచెట్టు ఉండేది. కాయలు రాలి వరండా రేకులు పగులుతున్నాయని దాన్ని కొట్టించేశాక ఆ చోటు బోసిపోయింది. అక్కడేం వెయ్యాలన్న దగ్గర మొదలైంది ఇదంతా. చిన్న చెట్టు కావాలి. వేళ్ళు గోడలోకి పోకూడదు. కొమ్మలు కరెంటు తీగల దాకా పోకూడదు. అరుగు మీద కూర్చున్నవాళ్ళ నెత్తిన బరువైనవేవీ పడకూడదు.

ఆ ఆఖరి షరతుకి కారణం ఉంది. శుక్రవారం సాయంత్రం మా అరుగు మీద గృహకూటం జరుగుతుంది. మా మామగారి కాలం నుంచీ అంతే. చాపలు పరుస్తాం, పాటలు పాడతాం, వాక్యం వింటాం, ప్రార్థన అయ్యాక టీ తాగుతాం. మా అత్తగారికి షుగరు వల్ల చూపు పోయింది. మోకాళ్ళూ సహకరించవు. చర్చికి తీసుకెళ్ళాలంటే ఆటో ఎక్కించి, దింపి, అన్ని మెట్లూ ఎక్కించాలి. అది ఆవిడ వల్ల కాదు. గోడ పట్టుకుని అరుగు దాకా మాత్రం వస్తారు. అందుకని ఆవిడకి సంఘమంటే శుక్రవారం కూటమే. ఆ కూటం మా అరుగు మీంచి వెళ్ళిపోతే ఆవిడకి సంఘమే లేనట్టు. నేను పోట్లాడింది దానికోసం.

చెట్టు విషయంలో తలా ఒక సలహా ఇచ్చారు. మా ఆయన మండలాఫీసులో గుమస్తా. ఆయన నిమ్మ వెయ్యమన్నారు, ఎప్పుడంటే అప్పుడు పప్పులోకి ఓ కాయ కోసుకోవచ్చని. చూపు లేని మనిషి తడుముకుంటూ వచ్చే చోట ముళ్ళచెట్టేమిటని నేను ఒప్పుకోలేదు. మా సంఘ పెద్దగారు దానిమ్మ వెయ్యమన్నారు. శుక్రవారం కూటం నడిపేది ఆయనే. హెడ్మాస్టరుగా రిటైరయ్యారు, లేఖనాలు కంఠతా వచ్చు. ప్రధాన యాజకుడి అంగీ అంచున దానిమ్మపండ్లు కుట్టించమన్నది దేవుడేనని గుర్తు చేశారు. కాపుకొస్తే కోత పండుగకి ప్రథమ ఫలంగా ఓ బుట్ట తేవచ్చు కదా అన్నారు. నిజం చెప్పాలంటే ఆ మాట నాకు నచ్చింది. కాని మాది రేగడి నేల. వానాకాలంలో కాలవ ఊట పైకొచ్చి, జానెడు తవ్వితే నీళ్ళు కనిపిస్తాయి. నేను పాఠాలు చెప్పే బడి ఆవరణలో ఒక దానిమ్మ ఉంది. ఏటా ఎర్రగా పూస్తుంది, కాయ కట్టినదల్లా పగిలి రాలిపోతుంది. లేఖనం సత్యమే. మా నేల సంగతీ సత్యమే.

చివరికి, రోజంతా ఆ అరుగు మీద కూర్చునేది ఆవిడే కదా అని, మా అత్తగారిని అడిగాను.

“నాకు రంగులెందుకమ్మా? ఎర్ర పువ్వయినా తెల్ల పువ్వయినా నాకు ఒకటే నలుపు. వాసనుండేది వెయ్యి” అన్నారు.

మల్లె వేద్దామన్నాను.

“మల్లె సాయంత్రం వాసనేస్తది. సాయంత్రమైందని నాకెవరూ చెప్పక్కర్లేదు. నీ చెప్పుల చప్పుడు, పక్కింటివాళ్ళ టీవీ, పోపు వాసన, అన్నీ చెప్తాయి. తెల్లారిందని ఎవరు చెప్తారు?”

ఆవిడ ఇబ్బంది అప్పటిదాకా నాకు తట్టలేదు. ఏ వేళప్పుడో మెలకువ వచ్చి, తెల్లారిందనుకుని స్నానం చేసి, జడ వేసుకుని, ఇల్లంతా ఎందుకు నిద్రపోతోందో తెలియక కూర్చునేవారు. ఆవిడ పుట్టిల్లు నరసాపురం దిగువన సముద్రం ఒడ్డు ఊరు. చేపలు పట్టుకు బతికే కుటుంబం. వలలు ఆరేసే పాక పక్కన పారిజాతం చెట్టుండేదట. పువ్వులు రాలడం మొదలైతే పడవలు ఒడ్డుకొచ్చే వేళ అయిందని వాళ్ళమ్మ లేచి తట్టలు సర్దేదట. పెళ్ళికి ముందు ఆవిడ ప్రభువుని నమ్ముకున్నారు. మా సంఘంలో బాప్తిస్మం పొందిన ఆడవాళ్ళు తలలో పూలు పెట్టుకోరు. కాలవలో మునిగి లేచిన రోజు నుంచి ఆవిడ ఒక్క మూర కూడా ముడవలేదు. ఎవరూ బలవంతపెట్టలేదు, ఆవిడా ఏనాడూ బెంగపడలేదు. ఇప్పుడు అడుగుతున్నది తలలోకి కాదు. పొద్దు తెలియడానికి.

నాకు అంతకన్నా కారణం అక్కర్లేకపోయింది.

రాజమండ్రి కంటి డాక్టరు, ఇక చెయ్యగలిగిందేమీ లేదు, మళ్ళీ రానక్కర్లేదని చెప్పిన రోజునే, తిరిగొస్తూ కడియం దగ్గర కారు ఆపించాను. రోడ్డుకి రెండు వైపులా నర్సరీలే. లోపలికెళితే రంగురంగుల ఆకుల మొక్కలు, గుండ్రంగా కత్తిరించినవి, పక్షిలా, ఏనుగులా వంచి కట్టినవి. ఈమధ్య కొత్తిళ్ళకి అందరూ ఇవే తీసుకెళ్తున్నారండి అని ఒకతను నన్ను వరసల వెంట తిప్పాడు. నేను పారిజాతం అన్నాను. పొడుగ్గా, ఒంటికాడన లేచిన మొక్కొకటి తెచ్చి పెట్టాడు. అది వద్దన్నాను. పొట్టిగా, మొదట్లోనే మూడు కొమ్మలుగా చీలినది వెనక ఉంటే అది తీయించాను. గుబురుగా ఉండే చెట్టు కావాలంటే మొదలు నుంచే కొమ్మలుండాలి. పూత అయిపోయాక ఏటా కత్తిరించుకుంటే మనిషి చెయ్యెత్తు దాటనివ్వకుండా ఉంచుకోవచ్చు.

పువ్వు లేని మొక్కకి వాసన ఎక్కడిది? కారు తలుపు తీసి మొక్కని మా అత్తగారి ఒళ్ళో పెట్టాను. ఆవిడ ఆకుని రెండు వేళ్ళ మధ్య పెట్టి రుద్దారు. పారిజాతం ఆకు గరుకు కాయితంలా ఉంటుంది. కొమ్మ గుండ్రంగా ఉండదు, నాలుగు అంచులు చేతికి తగులుతాయి. “ఇదే” అన్నారు. నర్సరీవాళ్ళు చూస్తుండగా మొక్క మీద చెయ్యి పెట్టి, ఇది బతకాలని, దీని నీడన నీ నామం వినబడాలని ప్రార్థన చేశారు. డ్రైవరు కూడా టోపీ తీశాడు.

ఊట నీటికి వేళ్ళు కుళ్ళకుండా జాగా అంతా మోకాలెత్తు మెరక చేశాం. ఇటుక ముక్కలు, ఇసుక, పైన పశువుల గెత్తం కలిపిన ఎర్రమట్టి. పక్కింటావిడ గోడ మీంచి చూసి సంతోషపడింది. దేవుడి చెట్టు వేశారు, దాని కింద చెప్పులేసుకు తిరగకండి వదినగారూ అని జాగ్రత్త చెప్పింది. చెప్పులు విడిచే చోటు మా లేఖనాల్లోనూ ఉంది వదినగారూ, అక్కడున్నది మాత్రం దేవుడు మాట్లాడిన మండుతున్న పొద, నేను బురదలో మట్టి పని చేస్తున్నానని చెప్పి, చెప్పులతోనే నీళ్ళు పోశాను. ఆవిడ నవ్వింది. మా స్నేహానికి దానివల్ల వచ్చిన లోటేమీ లేదు.

లోటు వచ్చింది మా సంఘంవాళ్ళతోనే. తర్వాతి శుక్రవారం పెద్దగారు గేటు తీసుకుని వస్తూ ఆగారు. ఏం మొక్కండి అన్నారు. చెప్పాను. ఆయన ముఖం మారింది. యెహోవా బలిపీఠం పక్కన ఏ చెట్టూ నాటకూడదని ధర్మశాస్త్రంలో ఉన్న ఆజ్ఞ చెప్పారు. కూటం జరిగే చోటు మనకి బలిపీఠం లాంటిదేనన్నారు. నేను అబ్రాహాముని గుర్తు చేశాను. బెయేర్షెబాలో ఆయన స్వయంగా చెట్టు నాటి, అక్కడే దేవుని పేరట ప్రార్థన చేశాడు కదండీ అన్నాను. అది వేరే చెట్టండి అన్నారాయన. చెట్టుకి మతముంటుందాండీ అని అడిగాను. సృష్టి మూడో దినాన భూమి చెట్లని మొలిపించినప్పుడు ఇది వాళ్ళది, ఇది వీళ్ళదని దేవుడు పంచలేదు. అది చూసి మంచిదన్నాడు, అంతే. పెద్దగారు చెప్పులు విడిచి అరుగెక్కారు. ఆ రోజు వాక్యం మాత్రం విగ్రహాల మీద చెప్పారు. నేను టీ ఇచ్చాను.

మొదటి ఏడు పువ్వు లేదు. మన దేవుడికీ వాళ్ళ దేవుడికీ మధ్య నలిగి పూయడం మానేసిందని మా ఆయన వేళాకోళం. ప్రభువు చెప్పిన కథలో, కాయని అంజూరపు చెట్టుని కొట్టెయ్యమన్న యజమానితో, ఈ ఒక్క ఏడూ ఉండనివ్వండి, చుట్టూ తవ్వి ఎరువు వేస్తానన్న తోటమాలి మాట నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టం. నేనూ తవ్వాను, వేశాను. రెండో ఏడు వినాయక చవితి పందిళ్ళు లేచే రోజుల్లో మొగ్గ కనిపించింది. ఓ వారానికి, పొద్దున్నే నేను కాఫీ కలుపుతుంటే అరుగు మీంచి మా అత్తగారు పిలిచారు.

“అమ్మాయ్, తెల్లారింది.”

వెళ్ళి చూశాను. ఆవిడ ఒళ్ళో, అరుగు మీద, కింద మట్టి మీద తెల్లటి పువ్వులు, నారింజ రంగు కాడలు. ఆవిడ వేళ్ళతో వెతుకుతూ ఒక్కోటే ఏరుతున్నారు.

ఆ రోజు నుంచి ఆవిడకి ఒక పద్ధతి ఏర్పడింది. పక్కన స్టీలు పళ్ళెం పెట్టుకుంటారు. ఒక పువ్వు తీసి, సంఘంలో ఒక ఇంటిని తలుచుకుంటారు. ఆ ఇంటివాళ్ళ పేర్లు, వాళ్ళ కష్టం మెల్లగా పలికి, ప్రార్థన చేసి, పువ్వు పళ్ళెంలో పెడతారు. మళ్ళీ ఇంకో పువ్వు, ఇంకో ఇల్లు. చూపున్న రోజుల్లో ఆదివారం వరసల్లో మనుషుల్ని చూసి, ఎవరు రాలేదో గుర్తు పెట్టుకునేవారు. ఇప్పుడు ఎవరినీ మర్చిపోకుండా ఉండడానికి చేతికి ఆ పువ్వులు సాయం. నాకు అందులో తప్పేమీ కనిపించలేదు. ఇప్పటికీ కనిపించదు.

పెద్దగారు పొద్దున్నే కాలవ గట్టు మీద నడకకి వెళతారు. మా ప్రహరీ పొట్టి గోడ. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక నన్ను మెట్ల దగ్గర ఆపారు.

“టీచరుగారండీ, మీ అత్తగారు పువ్వుకో పేరు చెప్పి పళ్ళెంలో వేస్తన్నారు. నా కళ్ళతో చూశాను. దాన్నేమంటారండి?”

“ప్రార్థన అంటారండి.”

“అర్చన అంటారు. వాళ్ళ గుడిలో పూజారి చేసేది అచ్చం అదే. నామానికో పువ్వు.”

“ఆ నామాలేంటో విన్నారాండీ?”

“వినక్కర్లేదు.”

మా ఇళ్ళలో ఇలాంటి పొరపాటు ఎలా జరుగుతుందో నాకు తెలుసు. ఒకటి రెండు తరాల కిందటే నమ్ముకున్న కుటుంబాలం. వెనక్కి వెళ్ళిపోతామేమోనన్న భయం ప్రతి ఇంట్లో ఉంటుంది. పువ్వు, పళ్ళెం, కదిలే పెదవులు కనిపిస్తే ఆ భయం మిగతాది నింపేసుకుంటుంది. అది అర్థం చేసుకున్నాను. ఒప్పుకోలేదు. ఆయన అప్పటికే పెద్దలతో మాట్లాడేశారు. చెట్టు తీయించేదాకా శుక్రవారం కూటం ఆయన మేడ మీద జరుగుతుందన్నారు. మేడ మీదకి నిట్టనిలువు మెట్లు. మా అత్తగారు అక్కడికి రాలేరని ఆయనకి తెలుసు. ఆ మాట కూడా అడిగాను. ప్రభువు బలమిస్తే వస్తారండి అన్నారు.

ఆ శుక్రవారం కూటం లేదని మా అత్తగారికి చెప్పాను. అయినా ఉతికిన చీర కట్టుకుని వేళకి వచ్చి అరుగు మీద కూర్చున్నారు. పెద్దగారి మేడ రెండు వీధులవతల. గాలి ఇటు తిరిగినప్పుడల్లా పాట సన్నగా వినబడేది. ఆవిడ గొంతు కలిపేవారు. గాలి ఆగితే ఒక్కరే ఆ చరణం పూర్తి చేసేవారు. మళ్ళీ వినబడేసరికి వాళ్ళు ఇంకెక్కడో ఉండేవాళ్ళు.

పాట అయ్యాక నాతో అన్నారు. “తీసేద్దాంలే అమ్మా. పువ్వు మానెయ్యడం నాకు కొత్తా?”

“అప్పుడు మీ ఇష్టంతో మానేశారత్తయ్యా. ఇప్పుడు వాళ్ళ భయానికి మానక్కర్లేదు.”

“నీకు పంతం.”

“ఆయ్, పంతమే.”

పంతం పాపమని నేను ఆదివారం బడిలో పిల్లలకి చెప్పినదాన్నే. కాని న్యాయాధిపతి చుట్టూ తిరిగి విసిగించి న్యాయం పుచ్చుకున్న విధవరాలిని ప్రభువు మెచ్చుకున్నాడని కూడా వాళ్ళకి చెప్పాను.

అలా శుక్రవారాలు గడిచాయి. కోత పండుగ వచ్చింది. మా చర్చిలో ఆ రోజు బల్లల మీద తెల్లగుడ్డ పరిచి, ఎవరి పంటలో మొదటిది వాళ్ళు తెచ్చి పెడతారు. కొత్త బియ్యం, గుమ్మడికాయలు, అరటిగెలలు, కాళ్ళు కట్టిన కోళ్ళు, చెరువున్నవాళ్ళు చేపలు. ఆరాధన అయ్యాక వాటిని వేలం పాడతారు. పాట పెట్టేది పెద్దగారే, మైకు పట్టుకుని.

ఆ తెల్లవారుజామున మా అత్తగారు అరుగు మీద తన ప్రార్థన ముగించాక పళ్ళెం అడిగాను. ఎందుకన్నారు. మన చెట్టుకి ఇది మొదటి పంట, ప్రథమ ఫలం చర్చికి ఇవ్వాలి కదా అన్నాను. ఆవిడ పళ్ళెంలో పువ్వులు చేత్తో సర్దారు. తర్వాత పళ్ళెం మీద తడిగుడ్డ తనే కప్పి ఇచ్చారు.

నేను దాన్ని గుమ్మడికాయల మధ్య పెట్టి ఆడవాళ్ళ వైపు చాప మీద కూర్చున్నాను. వేలం మొదలయ్యేటప్పటికి పళ్ళెం బల్ల మీద లేదు. బల్ల కింద, కోళ్ళ పక్కన ఉంది. లేచి వెళ్ళాను. వంగి తీసి, మళ్ళీ బల్ల మీద, అందరికీ కనిపించేలా ముందు పెట్టాను. పెద్దగారు మైకు కిందకి దించి, ఇదేంటండి అన్నారు. చర్చి అంతా వింటోంది. ఒక పువ్వు చేతిలోకి తీసుకున్నాను.

“ఇది మీ ఇల్లండి పెద్దగారూ. మా అత్తగారు పొద్దున్నే మొదట ప్రార్థన చేసేది మీ ఇంటికే. మీ అమ్మాయి కాన్పు గురించి. మీరు వినలేదు కాబట్టి చెబుతున్నాను.”

ఇంకోటి తీశాను. ఇది మిల్లులో వేళ్ళు పోయిన అబ్బాయి ఇల్లన్నాను. ఇంకోటి, కువైట్‌లో ఉన్న కూతురు ఫోను చెయ్యని ఇల్లు. ఇంకోటి, చర్చికి రావడం మానేసిన అన్నదమ్ముల ఇల్లు. పెద్దగారు ఆపమనలేదు. ఆయన చూపు నా చేతిలోని పువ్వు మీదే ఉంది. నేను చెప్పగలిగినన్ని చెప్పి, నా చాప మీదకి వెళ్ళి కూర్చున్నాను.

ఆయన గుమ్మడికాయ పాట పెట్టారు. పళ్ళెం పాట పెట్టలేదు. తీయనూ లేదు.

వేలం అయ్యాక ఆడవాళ్ళు ఒక్కొక్కరే బల్ల దగ్గరికి వచ్చారు. నా ఇల్లేదండీ అని అడిగి, చూపిస్తే, ఆ పువ్వు తీసుకుని పరిశుద్ధ గ్రంథం పేజీల మధ్య పెట్టుకున్నారు. ఏ పువ్వు ఏ ఇంటిదో నాకు తెలియదు, ఏదో ఒకటి చూపించాను. కొందరు నా వైపు చూడకుండా వెళ్ళిపోయారు. పళ్ళెంలో కొన్ని మిగిలాయి.

ఆ శుక్రవారం ఎవరినీ అడగకుండా అరుగు మీద చాపలు పరిచాను. వాక్యం నేనే చదువుతానని మా అత్తగారికి చెప్పాను. కుర్చీ కూడా వేశాను, పెద్దగారిది, ఎప్పుడూ వేసే చోటే. ఆడవాళ్ళు వచ్చారు, వాళ్ళ వెంట ఇద్దరు ముగ్గురు మగవాళ్ళు. మిగతావాళ్ళు మేడ మీదకే వెళ్ళారు. ఆ తర్వాత నుంచి ఊళ్ళో శుక్రవారం ఒకే వేళకి రెండు కూటాలు జరుగుతున్నాయి. పెద్దగారు మైకు పెట్టించారు. మేం పెట్టించలేదు. కుర్చీ ఖాళీగానే ఉంటోంది. నేను వెయ్యడం మానలేదు.

ఒకటి మాత్రం నాకు మింగుడు పడలేదు. మొన్న పొద్దున్న కాఫీ ఇస్తూ అడిగేశాను, ఇంత జరిగాక కూడా మొదటి పువ్వు ఆయన ఇంటికేనా, ఆఖర్న పెట్టకూడదా అని.

“ఆయనిల్లు చర్చి పక్కన కదమ్మా” అన్నారు మా అత్తగారు. “నేను చర్చి దగ్గర మొదలెట్టి, ఒక్కో గుమ్మం దగ్గరా ఆగి, ఇంటికి నడిచొస్తాను. వరస తప్పితే దారి తప్పిపోతాను.”

ఆవిడ అప్పటికే ఒక పువ్వు చేతిలోకి తీసుకున్నారు. నేను కాఫీ గ్లాసు ఆవిడ పక్కన పెట్టాను. ఆవిడ వరస ఆవిడిష్టం. చెట్టు మాత్రం నాది. పూత ఆగాక కొమ్మలు కత్తిరిస్తాను, మొదలు చుట్టూ తవ్వి గెత్తం వేస్తాను. అడిగినవాళ్ళకి ఏం చెట్టో పేరు చెబుతాను.